పొట్టి బండి వెనక పొడుగాటి ఇల్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పిల్లి అడ్డమొస్తే పులి అంటాను. నిజంగా పులే వస్తే చెప్పడానికి మిగలను కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మా ఆవిడ నా మాటల్ని చాటలో పోసి చెరిగి, తాలంతా ఎగిరిపోయాక మిగిలిన నాలుగు గింజల్నే నమ్ముతుంది. మీరూ అదే చేయండి. కాకపోతే ఒక్క షరతు. బరువులు, టైర్లు, బ్రేకుల సంగతి వచ్చిన చోట చెరగవద్దు. అక్కడ నేను పెంచను, తగ్గించను. ఆ విషయంలో అబద్ధమాడితే మనుషులు పోతారు.

రిటైరయ్యానంటే మా కోరుట్లలో నవ్వుతారు. గల్ఫ్ డ్రైవరుకు సన్మాన సభ, శాలువా ఉండవు. ఇక దేశానికి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడితే అదే రిటైర్మెంటు. నాకు నెత్తిన నల్ల వెంట్రుకలు ఉండగానే పడింది. సౌదీకి డ్రైవింగు మీద పోయేవాళ్ళు వచ్చి "రాజన్నా, ఏం నేర్సుకొని పోవాలె?" అని అడుగుతుంటారు. లైసెన్సు, మెడికల్, వీసా సంగతి ఏజెంటు చెబుతాడు. వాడికి తెలియనిది ఇక్కడ రాస్తున్నాను.

మా వర్క్‌షాప్ ఎర్రబడింది

ధహ్రాన్ అవతల ఇండస్ట్రియల్ ఏరియాలో మాదో వర్క్‌షాప్. చలికాలం వస్తే సౌదీ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకొని రోజుల తరబడి ఉంటాయి. వాళ్ళకు గుడారాలు, జనరేటర్లు, నీళ్ళు, వంట సామాను మోసుకెళ్ళి దించి రావడం మా పని. మిగతా కాలమంతా బండ్లు బాగుచేయడం. యజమాని అబూ నాసర్. ముదీర్, అంటే మేనేజరు, అని పిలిచేవాళ్ళం. ఆయన అరబ్బీ, ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. ఆ మాటలు ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. మనిషి మంచివాడే. కోపం వస్తే మాత్రం 'సదీక్' అనేవాడు. సదీక్ అంటే స్నేహితుడు. ఆ స్నేహం చెవిన పడితే మేము బండి కింద దూరేవాళ్ళం.

అప్పుడే నితాఖత్ వచ్చింది. కంపెనీలో సౌదీవాళ్ళు ఎంతమంది, బయటివాళ్ళు ఎంతమంది అని చూసి కంపెనీకి రంగు వేస్తారు. ఆకుపచ్చలో ఉంటే బతికినట్టు. ఎరుపులో పడితే మన ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూ కావు. మా వర్క్‌షాప్ ఎంత ఎర్రబడిందంటే, దాని పక్కన పెడితే పండు మిరపకాయ కూడా పచ్చిదే. దాని వెనకాలే, బయటివాళ్ళకు యజమాని తలకింత కట్టాలని లెవీ వచ్చింది. అబూ నాసర్ మా ముఖాలు చూడటం మానేసి తలలు చూడటం మొదలుపెట్టాడు.

ముందు గుల్ ఖాన్ వెళ్ళిపోయాడు. పెషావర్ మనిషి, మా పెద్ద లారీ డ్రైవరు. నడిపేవాడు లేకపోయాక లారీ కూడా అమ్ముడుపోయింది. మిగిలింది నేను, మా పక్క ఊరి మల్లేశు, ముదీర్ తండ్రిగారి పాత జీపు లాంటి బండి.

బండి, ఇల్లు

ఆ బండికి రెండే తలుపులు. ఎంత పొట్టిదంటే, ముందు చక్రం గుంతలో పడిన కుదుపు తీరకముందే వెనక చక్రం అదే గుంతలో పడేది. ఇసుక గుట్టల మీద మాత్రం మేకపిల్ల. ఇంజను కూడా గట్టిది. అబూ నాసర్‌కు అది బండి కాదు, తండ్రి.

ఆ చలికాలం ఆయన ఒక ఇల్లు కొన్నాడు. చక్రాల ఇల్లు. ఆయిల్ కంపెనీ కాంపౌండులో ఉండే ఒక ఇంజనీరు దేశానికి పోతూ అమ్మిన ట్రెయిలర్. ముందొక గది, మధ్యలో పడకలు, చివర వంటగది. ముందు గదిలో టీ పోసుకొని వెనక్కి నడిచేసరికి టీ చల్లారేది. ముదీర్ తల్లికి ఎనభై దాటాయి. వానలు పడ్డాక పచ్చబడే ఏదో నేల దగ్గర ఆమె పుట్టిందట. ఆ చోటు చూడాలని ఆమె కోరిక. గుడారంలో చలికి తట్టుకోలేదని కొడుకు ఇల్లే కొన్నాడు.

"యా రాజూ, మా నాన్న ఈ బండితో గుట్టలెక్కాడు. ఇల్లు లాగలేదా?" అన్నాడు.

"లాగుతది ముదీర్" అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ ఇక్కడే మొదటి సంగతి తెలుసుకోండి. లాగడం ఒకటి, ఆపడం ఇంకొకటి, అదుపులో పెట్టుకోవడం మూడోది. ఇంజను మొదటిదానికే జవాబు చెబుతుంది. కాళ్ళు దగ్గర పెట్టుకొని నిలబడ్డవాణ్ణి పక్కనుంచి తోస్తే పడతాడు. ఎడంగా పెట్టుకుంటే నిలబడతాడు. బండికి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరమే కాళ్ళ ఎడం. పొట్టి బండిని వెనకనుంచి పెద్ద ఇల్లు పక్కకు తోస్తే, నిలబడటానికి దానికి ఎడం ఉండదు. ఇంజను ఎంత బలమైనదైనా ఆ తోపు ముందు పనికిరాదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ గట్టిగా చెప్పలేదు. ముదీర్ అంతకు ముందే మా ఇద్దరినీ నిలబెట్టి ఒక మాట అనేశాడు. "ఈ క్యాంపు సరిగ్గా నడిస్తే మీ ఇఖామాలు చూస్తాను. లేకపోతే నా చేతిలో ఏమీ లేదు." మల్లేశు చెల్లెలు నర్సింగు చదువుతోంది. ఇంకో ఏడాది మిగిలింది. ఆ ఏడాది కోసమే వాడు అక్కడున్నాడు.

అతిథి కూర్చునే చోట

బయలుదేరే రోజు ఇంట్లోకి సామాను ఎక్కించాం. నీళ్ళ క్యాన్లు, బియ్యం బస్తాలు, కట్టెలు, జనరేటరు, మేక మొత్తం పట్టే వంట గిన్నెలు. అన్నీ వెనక వంటగదిలోకే పోయాయి. ముందు గది ఖాళీ. అది మజ్లిస్, అతిథులను కూర్చోబెట్టే గది. ఎర్ర తివాచీ, గోడ పొడుగునా దిండ్లు, మధ్యలో కాఫీ పాత్ర. సౌదీ ఇంట్లో మజ్లిస్‌లో సామాను పెట్టడమంటే మన దగ్గర దేవుడి అరలో చెప్పులు పెట్టడమే.

నేను చిన్నప్పుడు ఎడ్ల బండికి వడ్లు ఎత్తినవాణ్ణి. బండికి ముందు బరువుండాలి. కాడి ఎడ్ల మెడ మీద కాస్త ఒత్తి కూర్చోవాలి. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడతాళ్ళు ఎడ్ల గొంతు బిగిస్తాయి. ట్రెయిలరుకూ అదే ధర్మం. దాని మొత్తం బరువులో పదింట ఒక పాలైనా, మించితే పాలున్నర దాకా, బండి కొక్కెం మీద ఒత్తాలి. అంతకంటే తగ్గితే వెనక ఇల్లు తోక ఊపడం మొదలుపెడుతుంది.

"ముదీర్, కొన్ని ముందట పెడ్తే మంచిది" అన్నాను.

"అతిథి కూర్చునే చోట బస్తాలా?" అన్నాడు.

సదీక్ అనలేదు. అనకముందే నోరు మూసుకున్నాను. మల్లేశు నా వంక చూసి, "ఎట్ల పోదామంటవే అన్నా?" అన్నాడు.

"మెల్లగ."

"నువ్వు గిట్ల ఒక్క మాటల చెప్పినవంటే నాకు బుగులైతది."

మల్లేశు ఏమీ చేయలేదు

మల్లేశు స్టీరింగు దగ్గర, నేను పక్కన. అబూ నాసర్ తల్లితో తన కారులో మా వెనక వస్తున్నాడు. ఊరు దాటేదాకా బాగానే ఉంది. రియాద్ రోడ్డు ఎక్కాం. రోడ్డు సాఫీగా ఉంటే కాలు దానంతటదే బరువెక్కుతుంది. ఆ పొరపాటు అందరూ చేస్తారు, వాడూ చేశాడు.

ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. దాని గాలి ముందు మా ఇంటిని పక్కకు నెట్టింది, తర్వాత లాక్కుంది. అద్దంలో చూశాను. ఇల్లు కుడివైపు కనిపించింది. తర్వాత ఎడమవైపు. మళ్ళీ కుడి. ప్రతిసారీ ముందుకంటే ఎక్కువ. ఒక ఊపులో వంటగది కిటికీ నా పక్కకొచ్చి నన్ను పలకరించి పోయినంత పనైంది. బండి వెనక చక్రాలు రోడ్డు మీద జారుతున్న చప్పుడు. స్టీరింగు మల్లేశు చేతుల్లో ఉందో, మల్లేశు స్టీరింగు చేతుల్లో ఉన్నాడో తెలియలేదు.

"బ్రేకు కొట్టురా" అని అరిచాను.

వాడు కొట్టలేదు. స్టీరింగు తిప్పలేదు. రాయిలా కూర్చున్నాడు. వేగం తగ్గుతూ వచ్చింది. ఊపు చిన్నదైంది. చివరికి ఇల్లు మా వెనకే, బుద్ధిమంతురాలిలా, తిన్నగా నిలబడింది. పక్కకు ఆపాడు.

"ఎట్ల ఆపినవ్ రా?"

"నేనెక్కడ ఆపిన్నే. కాళ్ళు వణికి రేస్ మీదికెళ్ళి పాదం జారింది. బ్రేకెక్కడున్నదో యాదికి రాలే."

ఇది గుర్తుపెట్టుకోండి. నేను చెప్పినట్టు బ్రేకు కొట్టి ఉంటే ముందు బండి ఆగేది, వెనక ఇల్లు ఆగేది కాదు, వచ్చి మమ్మల్ని అడ్డంగా మడిచేది. ఊపు మొదలైతే బండి బ్రేకు ముట్టవద్దు. స్టీరింగు అటూ ఇటూ కొట్టవద్దు, తిన్నగా పట్టుకోండి. రేస్ వదలండి. ట్రెయిలరు చక్రాలకు సొంత బ్రేకులుంటాయి, డ్రైవరు చేతి దగ్గర వాటికో మీట ఉంటుంది. ఆ ఒక్క మీటే మెల్లగా నొక్కాలి. ఆ మీట మా బండిలోనూ బిగించే ఉంది. మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. భయంలో మనిషికి గుర్తొచ్చేది రోజూ చేసే పనే. అందుకే ఖాళీ మైదానంలో ముందే ఆ మీట నొక్కి నొక్కి చేతికి అలవాటు చేయాలి.

రోడ్డు పక్కన

అబూ నాసర్ కారు దిగి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది, కానీ గొంతు పాతదే.

"ఏమైంది? పదండి, పొద్దు ఉండగానే చేరాలి."

"ఈ బరువు ఇట్లనే ఉంటే కదలం ముదీర్" అన్నాను.

"కదలకపోతే? గుల్ ఖాన్‌ను పెషావర్ నుంచి పిలవనా?"

"పిలిచినా గీ బండిల ఎక్కడు. ఆయనకు తెలివున్నది."

"సదీక్" అన్నాడు అబూ నాసర్.

మల్లేశు నా చొక్కా అంచు పట్టుకొని లాగాడు. "అన్నా, ఊకో. మెల్లగ పోదాం. నాకు ఇంకొక్క ఏడాది గావాలె."

"ఏడాది ఎవలకు గావాలెరా? నీకా, నీ ఫోటోకా?"

నేను తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను. ఇఖామా పోతే పోయింది అని అప్పుడు అనుకున్నానని రాస్తే బాగుంటుంది. నిజానికి, జేబులోకి పోయిన చెయ్యి బయటికి తీయడానికి ధైర్యం చాలలేదు, అంతే.

అప్పుడు కారు తలుపు తెరుచుకుంది. ముదీర్ తల్లి దిగింది. ఇంటి పెద్దావిడను పనివాళ్ళం అక్కడ మామా అంటాం. చేతిలో ఫ్లాస్కు, చిన్న కప్పులు. రోడ్డు పక్కన ఆగినా, ఇంట్లో ఉన్నా, మనుషులు నిలబడి ఉంటే ఆమెకు ముందు కాఫీ పోయడమే తెలుసు. ముందు మల్లేశుకు పోసింది. తర్వాత ఏమైందని అడిగింది.

నా అరబ్బీ నాలుగు మాటలే. "మామా, వెనక బరువు. ముందు ఖాళీ. ఇల్లు బండిని తోస్తున్నది" అన్నాను. చేతులతో ఊపు చూపించాను.

అబూ నాసర్ అడ్డం వచ్చాడు. "నీళ్ళ క్యాన్లు, బస్తాలు మజ్లిస్‌లో పెడతారట అమ్మా. అతిథులు ఎక్కడ కూర్చుంటారు?"

ఆమె కొడుకు వంక చూసి అంది: "ఎడారిలో నీళ్ళకంటే పెద్ద అతిథి ఎవరు? వాటినే కూర్చోబెట్టు."

తల ఎత్తిన బండి

తివాచీ చుట్టి, దిండ్లు మధ్య గదిలో పెట్టాం. నీళ్ళు, బియ్యం ముందుకొచ్చి ఎర్ర గదిలో పెళ్ళివారిలా కూర్చున్నాయి. కట్టెలు అబూ నాసర్ మెరిసే కారు డిక్కీలోకి పోయాయి. అది చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు మా పెళ్ళిలో కూడా కలగలేదు. చెరగండి, మా ఆవిడ చదువుతుంది.

అంతటితో అయిపోలేదు. ఇప్పుడు కొక్కెం మీద బరువు పడి పొట్టి బండి వెనక్కి కూలబడింది, ముక్కు ఆకాశానికెత్తింది. పగలే హెడ్‌లైట్లు వేస్తే చుక్కలు కనిపించేటట్టున్నాయి. ముక్కు లేస్తే ముందు చక్రాలు నేలను సరిగ్గా పట్టవు. స్టీరింగు తిప్పితే బండి వినదు.

మల్లేశు చాలాసేపు కొక్కెం దగ్గర కూర్చున్నాడు. "అన్నా, గీ చెవులు ఎందుకున్నయే?" అన్నాడు. కొక్కెం కింద రెండు బొక్కలు, ట్రెయిలరు ముందు చట్రం మీద రెండు గొలుసు పట్టీలు. ఏదో పెట్టడానికి చేసినవే. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇంజనీరు ఇంటితో పాటు రెండు పొడుగాటి ఉక్కు కడ్డీలు ఇచ్చాడు. అవి ఏమిటో తెలియక, వంట గిన్నె కింద ఆనికకు బాగుంటాయని మేము గిన్నెలతో కట్టి పెట్టాం. బయలుదేరక ముందే వర్క్‌షాప్‌లో వాటి మీద రెండు మేకలు ఉడికాయి కూడా.

అవి స్ప్రింగు కడ్డీలు. ఒక చివర కొక్కెంలో దూర్చి, రెండో చివర గొలుసుతో పైకి బిగిస్తే, వెనక పడ్డ బరువులో కొంత ముందు చక్రాల మీదికి పోతుంది. మసి తుడిచి బిగించాం. ముక్కు దిగింది. బండి మళ్ళీ బండిలా నిలబడింది. టైర్ల గాలి చూశాం. కొక్కెం పిన్ను, గొలుసులు, లైట్ల వైరు ఒకరు చూస్తే ఇంకొకరు మళ్ళీ చూశారు.

మిగతా దారి ఎంత మెల్లగా పోయామంటే, ఒంటెలు మమ్మల్ని దాటి పోయి, వెనక్కి తిరిగి ఎందుకో జాలిగా చూశాయి. లారీ వెనక కనిపిస్తే మల్లేశు ముందే రేస్ తగ్గించి, మీట మీద వేలు పెట్టి కూర్చునేవాడు. గాలి లేచిన చోట ఆపేశాం, అది తగ్గేదాకా కదల్లేదు. చేరాం.

పోయేవాళ్ళకు

చేరాం కదా అని మేము చేసింది సరైన పని అనుకోవద్దు. బరువు సర్దాం, కడ్డీలు బిగించాం, మెల్లగా పోయాం. ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గించాయి, పోగొట్టలేదు. ఆ పొట్టి బండికి ఆ ఇల్లు తగదు. తిరుగు ప్రయాణానికి అబూ నాసర్ పొడుగాటి వానెత్, అంటే పికప్, అద్దెకు తెప్పించాడు. తండ్రిగారి బండి చిన్న నీళ్ళ ట్యాంకు లాక్కుంటూ గౌరవంగా వచ్చింది. బండి ఎంత బరువు మోయొచ్చో తలుపు చట్రం మీద, ఎంత లాగొచ్చో బండితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. యజమాని నోట్లో ఉన్న అంకె కాదు, అక్కడ రాసి ఉన్న అంకె చూడండి. ఇల్లు కదులుతున్నప్పుడు లోపల మనుషులు కూర్చోకూడదు, ఎంత పెద్దవాళ్ళు అడిగినా.

అబూ నాసర్ చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. లెవీ భయం ఆయన్ని చెవిటివాణ్ణి చేసింది, ఇఖామా భయం నన్ను మూగవాణ్ణి చేసింది. చెవిటి యజమాని, మూగ డ్రైవరు కలిస్తే బండి ఎటు పోవాలో అటే పోయింది. మీరు మీ కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట్లాడాల్సింది సామాను ఎక్కించేటప్పుడు. రోడ్డు మీదికొచ్చాక మాట్లాడటానికి ప్రతిసారీ ఆస్కారం ఉండదు.

తలలు తగ్గి వర్క్‌షాప్ ఎరుపులోంచి బయటపడ్డాక, ఆ చలికాలమే ఇద్దరి ఇఖామాలూ రెన్యూ చేశాడు. తర్వాత లెవీ ఇంకా పెరిగింది, నాది కాలేదు. మల్లేశుది అయింది. వాళ్ళ చెల్లెలు ఇప్పుడు కరీంనగర్‌లో నర్సు. నాకు షుగరు సూది ఎలా వేసుకోవాలో ఆమే నేర్పింది. ఆ సూది గడ్డపార అంత ఉంటుంది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. టీ చల్లారడం, ఒంటెల జాలి, గడ్డపార, ఇవన్నీ పెంచినవి. మీరు చెరిగేసే ఉంటారు. పూర్తిగా అల్లింది మాత్రం ఒక్కటే. నీళ్ళకంటే పెద్ద అతిథి ఎవరు అనే మాట మామా అనలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా "అప్పుడు ఆమె ఏమన్నది?" అని అడుగుతారు. ఏమీ అనలేదంటే నేనేదో దాచానని అనుకుంటారు. అడిగీ అడిగీ, చివరికి ఆమె నోట్లో నేనే ఒక మాట పెట్టాను.

జరిగింది ఇది. ఆమె మల్లేశు చేతికి కాఫీ కప్పు ఇచ్చింది. వాడి చెయ్యి వణికి కాఫీ అంతా చొక్కా మీద ఒలికింది. ఆమె ఇంకోసారి పోసింది. అదీ ఒలికింది. కప్పు వాడి చేతిలోంచి తీసుకొని కింద పెట్టి, మెట్టు పట్టుకొని కష్టంగా ఇంట్లోకి ఎక్కింది. మోకాళ్ళ మీద కూర్చొని తివాచీ ఒక కొసనుంచి చుట్టడం మొదలుపెట్టింది. అబూ నాసర్ చెప్పులు విప్పేసి లోపలికి పరుగెత్తి, రెండో కొస పట్టుకున్నాడు.